రాలిన ఆకు, నిలిచిన ఆకు: నల్లమల తూర్పువాలులో మూడు వేసవుల కేస్ స్టడీ

మార్చి రెండో వారంలో నల్లమలలో చప్పుడు కాకుండా నడవడం ఎవరి వల్లా కాదు. టేకాకు కాలికింద అప్పడంలా విరుగుతుంది. అల్లంత దూరాన ఉన్న దుప్పి మనం చూడకముందే మనల్ని వినేస్తుంది. మూడు వేసవులు ఆ చప్పుడులోనే పని చేశాను. కాగితం మీద పని పేరు గంభీరంగా ఉండేది: కొండ అడవిలో రాలే ఆకు ద్వారా జరిగే కర్బన చక్రాన్ని అంచనా వెయ్యడం. చేసిందల్లా ఆకులేరి తూకం వెయ్యడం. పక్కనున్న చెంచుగూడెంలో నాకు ‘ఆకుల సారు’ అని పేరు పడిపోయింది.

మొదటి ఏడాది చివర రాసుకున్న ముసాయిదాలో ఒక వాక్యం ఉంది: ‘నేలమంట పడిన చోటికీ పడని చోటికీ ఏడాది ఆకురాలులో చెప్పుకోదగ్గ తేడా లేదు.’ తూకాల పట్టీ చెప్పింది అక్షరాలా అదే. అది అలాగే బయటికి వెళ్లి ఉంటే, చదివినవాళ్లు మంట వల్ల నష్టమేమీ లేదనుకునేవాళ్లు. ఆ వాక్యాన్ని ఎందుకు కొట్టెయ్యాల్సి వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చోటు

కంభం వైపు దిగే తూర్పువాలు అది. పైన క్వార్ట్‌జైట్ బండలు, వాటి సందుల్లో జానెడు కూడా లోతులేని గరుకు మట్టి. కిందికి వచ్చేకొద్దీ పలకరాయి, దాని మీద కాస్త బంకమన్ను. పైన ఏపి, అందుగు, బిల్లు. కింద టేకు, నల్లమద్ది, తిరుమాను, వెదురు పొదలు, నడుమ నడుమ పాత ఇప్పచెట్లు. అడుగున ఒక వంక. ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండిపోయి ఉంటుంది, పారినప్పుడు నీళ్లు గుండ్లకమ్మలో కలిసి కంభం చెరువుకు చేరతాయి.

వాలుకు నిలువునా ఒక ఫైర్‌లైన్ దిగుతుంది, మంట ఇటునుంచి అటు పాకకుండా పొదలు కొట్టి ఆకు ఊడ్చిన బాట అది. దానికి ఎడమ పక్క నాలుగైదేళ్లుగా కాలలేదని అటవీశాఖ వాచర్లు చెప్పారు. కుడి పక్క దాదాపు ఏటా కాలుతుంది. పోల్చి చూడ్డానికి ఇంతకన్నా అనువైన చోటు దొరకదనిపించింది. ఒక మెలిక ఉంది: కుడి పక్కనే ఇప్పచెట్లు ఎక్కువ, కాలిబాటా అటే. అంటే రెండు పక్కలకీ తేడా మంట ఒక్కటే అనడానికి లేదు. ఒకే వాలు మీద ఒకే జత. ఇక్కడ చూసినదాన్ని నల్లమల అంతటికీ అంటగట్టను.

పనికి పూనుకునేటప్పుడు ఒక పెద్దమనిషి అడిగారు, ఇంత కష్టం దేనికని. ప్రశ్న న్యాయమైనదే. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2021 నివేదిక మన అడవుల్లో ఉన్న కర్బనం మొత్తం 7,204 మిలియన్ టన్నులని లెక్క కట్టింది. అందులో సగానికి పైగా నేలలోనే ఉంది. రాలుటాకు వాటా రెండు శాతం దరిదాపు. కానీ చెట్టు పైనుంచి నేలలోకి దిగే కర్బనంలో పెద్ద భాగం ఆ సన్నని పొర గుండానే పోవాలి. వేళ్ల దారి ఎటూ ఉంది, దాని కథ వేరు. తూము చిన్నదని చెరువు లెక్కలో దాన్ని వదిలెయ్యం కదా.

బుట్టలు

డిసెంబరులో లైనుకు ఒక్కో పక్క పన్నెండు చొప్పున ఆకుబుట్టలు కట్టాం. మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం, దానికి దోమతెర లాంటి నైలాన్ వల, నేలకు మీటరు ఎత్తు. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. వాలు మీద బుట్టను వాలుకు సమాంతరంగా కట్టకూడదు, నీటిమట్టం పెట్టి అడ్డంగానే కట్టాలి. ముప్ఫై డిగ్రీల వాలు మీద ఏటవాలుగా పరిచిన చదరపు మీటరు వల, పైనుంచి చూస్తే 0.87 చదరపు మీటరే. పటం మీద హెక్టారు అడ్డంగా కొలిచిన హెక్టారు. ఈ చిన్న లెక్క మరిస్తే ఎనిమిదో వంతు ఆకు కాగితం మీదే మాయమవుతుంది.

మొదట పీవీసీ గొట్టాలు వాడాం. కొండముచ్చులకు అవి తెగ నచ్చాయి. నెల తిరక్కుండా అన్నీ తీసేసి వెదురు పాతాం.

మామూలుగా పదిహేను రోజులకోసారి ఏరేవాళ్లం. శివరాత్రి నుంచి ఉగాది దాకా వారానికోసారి, ఎందుకంటే అప్పుడు గాలి లేస్తుంది, నిండిన బుట్టలోంచి ఎండుటాకు ఎగిరిపోతుంది. వానల్లో పది రోజులు దాటనిస్తే బుట్టలోనే కుళ్లడం మొదలవుతుంది. ఆకు, సన్నపుల్ల, పువ్వూ కాయా, నుసి అని నాలుగు కుప్పలు చేసి, 65 నుంచి 70 డిగ్రీల ఓవెన్‌లో తూకం ఇక మారదనేదాకా ఎండబెట్టాలి. ఎండలో ఎండింది కదా అని నేరుగా తూచేవాళ్లను చూశాను. పొద్దున తూచినదానికీ మధ్యాహ్నం తూచినదానికీ పొంతన కుదరదు.

రాలే తీరు చెట్టుకొకటి. టేకు సంక్రాంతికి పసుపెక్కి ఫిబ్రవరిలో జోరందుకుంది. నల్లమద్ది తొందరపడదు, మార్చి దాటనిచ్చింది. ఇప్ప ఒక్కసారిగా బోసిపోయి, ఆకు లేని కొమ్మల చివర మొగ్గ తొడిగింది. రాల్చే ముందు చెట్టు ఆకులోని నత్రజనిలో సుమారు సగం వెనక్కి లాగేసుకుంటుంది. పొదుపరి ఇల్లాలు పాత చీర పారేసే ముందు జరీ అంచు ఊడదీసుకున్నట్టు. అందుకే కింద పడిన ఆకులో కర్బనం దండిగా, నత్రజని పిసరంతగా ఉంటుంది. అలాంటి ఆకును అరిగించుకోవడం సూక్ష్మజీవులకూ కష్టమే.

మార్చి ఆఖర్లో కుడి పక్క కాలింది. మోకాలెత్తు మంట, ఒక మధ్యాహ్నం, అంతే. నాలుగు వలలు కరిగిపోయాయి, మర్నాడే కొత్తవి కట్టాం. ఆ తర్వాతి వారం నేను ఎదురుచూడనిది జరిగింది. కుడి పక్క బుట్టల్లోకి ఆకు వరదలా వచ్చిపడింది. సెగ తగిలి వాడిన ఆకు. చెట్టు తన నత్రజనిని వెనక్కి తీసుకునే వ్యవధి లేకుండా రాలిపోయిన ఆకు. దాంతో ఏడాది మొత్తంలో రెండు పక్కలూ సమానమయ్యాయి. ఇంకా చెప్పాలంటే, ఈ పక్క సగటుకూ ఆ పక్క సగటుకూ ఉన్న తేడా, ఒకే పక్కనున్న రెండు బుట్టల మధ్య తేడా కన్నా తక్కువ. నా ముసాయిదా వాక్యం పుట్టింది అక్కడే.

బరువు పెరిగిన ఆకు

రాలడం ఒక లెక్క, కుళ్లడం ఇంకో లెక్క. కుళ్లే వేగానికి వాడుకలో ఉన్న పద్ధతి జాలీ సంచులు: పది గ్రాముల ఎండిన ఆకు సంచిలో కుట్టి నేలమీద పెట్టి, నెలకు కొన్ని చొప్పున తెచ్చి, ఎంత తగ్గిందో చూడ్డం. మార్చిలో పెట్టిన సంచులు మే నెలాఖరుకు దాదాపు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆగస్టులో తెచ్చినవాటిలో కొన్ని పది గ్రాముల కన్నా ఎక్కువ తూగాయి. తక్కెడ పాడైందనుకున్నాను. విప్పి చూస్తే ఆకు సగం లేదు, ఆ జాగాలో చెదలు మెత్తిన ఎర్రమట్టి ఉంది.

దీనికి మందు బూడిద లెక్క. సంచిలోని పదార్థాన్ని పొడి చేసి, కొంత తీసి 550 డిగ్రీల కొలిమిలో కాల్చితే జీవపదార్థం పోయి ఖనిజం మిగులుతుంది. మిగిలినదాన్ని తీసేసి లెక్కించాలి. మొదటి ఏడు మాకు అందుబాటులో ఉన్న ల్యాబులో కొలిమి రెండు నెలలు పనిచెయ్యలేదు, నమూనాలు అట్టపెట్టెల్లో ఉండిపోయాయి, కొన్ని చీటీలు ఎలుకలు కొట్టేశాయి. చీటీ లేని సంచి ఎంత మంచిదైనా పారెయ్యాల్సిందే. రెండో ఏడు నుంచి అల్యూమినియం రేకు ముక్కల మీద మేకుతో అంకెలు గీశాం.

ఇక ‘కె’ సంగతి. 1963లో ఓల్సన్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం ప్రకారం కుళ్లే వేగాన్ని ‘కె’ అనే ఒక్క అంకెతో చెబుతారు. ఉదాహరణకు ఏడాదికి ‘కె’ 1.5 అయితే సంవత్సరం తిరిగేసరికి పెట్టినదాంట్లో 22 శాతం మిగులుతుంది. ఏడాది పొడవునా తడి ఉండే చోట ఇది బాగా నప్పుతుంది. నల్లమలలో ఆకు పడేది వేసవి ముందర, కుళ్లేది వానల్లో. మార్చిలో మొదలుపెట్టిన సంచికి ఆరు నెలల ‘కె’ ఒకటి, జూన్‌లో మొదలుపెట్టిన సంచికి ఇంకొకటి. అడవి అదే, ఆకు అదే. ఈ ప్రాంతపు ‘కె’ ఎవరైనా చెబితే సంచి ఏ నెలలో పెట్టారని ముందు అడగండి.

ఆ ఎండు నెలల్లో అసలేమీ జరగదని కాదు. పొడి నేలల్లో ఎండ తానే ఆకును విరగ్గొడుతుందని 2006లో అర్జెంటీనాలోని పాటగోనియా పచ్చికల్లో చేసిన పని చూపించింది. రోహిణి కార్తె ఎండకు టేకాకు ఈనెల మధ్య జల్లెడలా తయారవడం మేమూ చూశాం. దాని వాటా ఎంతో విడదీసే సాధనాలు మా దగ్గర లేవు. తర్వాత మొదటి వాన. ఎండిన నేల తడవగానే సూక్ష్మజీవులు ఒక్కపెట్టున లేచి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. దీన్ని 1958లో తూర్పు ఆఫ్రికా నేలల మీద వివరించిన శాస్త్రవేత్త బర్చ్ పేరుతోనే పిలుస్తారు. మట్టివాసన వచ్చే ఆ సాయంత్రం అడవి ఒక్కసారిగా గట్టిగా ఊపిరి వదులుతుందన్నమాట.

తక్కువ పడిన ఆకు

నన్ను ఇబ్బందిపెట్టిన అంకె ఎడమ పక్కది. ఏప్రిల్ నెలాఖరులో నేలమీద అర మీటరు చతురస్రాలు వేసి ఉన్న ఆకంతా ఏరాం. ఎడమ పక్క కాలలేదు, ఇంకా కుళ్లడమూ మొదలవలేదు, చెదలు కొంత తిన్నాయనుకున్నా బుట్టల్లో రాలినంత ఆకు నేలమీద ఉండాలి. లేదు. బాగా తక్కువ ఉంది.

రెండు రోజులు అంకెలు తిరగేసి, ఆ వాలు మీద వాచరుగా పనిచేసే చెంచు పెద్దాయనకు చెప్పాను. ఆయన నవ్వి, “యాడికి పోతాది సారూ, ఒంకలోకి పోతాది. మధ్యాన్నం గాలి చూడు” అన్నాడు. చూశాం. మధ్యాహ్నం రెండు దాటాక కిందినుంచి సుడిగాలులు లేచాయి. టేకాకు ఒక్కొక్కటే లేచి, పల్టీ కొట్టి, నాలుగడుగులు దిగువన పడింది. వంకలో దిగితే మోకాలి లోతు ఆకు. బండల ఎగువన, వెదురు పొదల మొదట్లో, పడిపోయిన మానుల వెనక దిండ్లలా పేరుకుని ఉంది.

మైదానంలో అయితే రాలినదీ నిలిచినదీ ఒకటేనని సరిపెట్టుకోవచ్చు. కొండ మీద కుదరదు. అక్కడ ఆకు కిందికి నడుస్తూనే ఉంటుంది. పైన క్వార్ట్‌జైట్ మీద నిలిచేది కొంచెం, నిలిచినా పట్టుకునే బంకమన్ను లేదు. ఆకు కుళ్లి కారిన రసం, చచ్చిన సూక్ష్మజీవుల పదార్థం బంకమట్టి రేణువులకు అంటుకున్నప్పుడే కర్బనం ఏళ్ల తరబడి నేలలో ఆగుతుంది. అంటే పైన రాలిన ఆకు దిగువన పలకరాయి మట్టి దాకా చేరి, అక్కడ తడిసి కుళ్లితే లాభం. నేరుగా వంకలో పడి మొదటి వరదకు కొట్టుకుపోతే ఆ వాలుకు దక్కేది లేదు.

అప్పుడు కుడి పక్క ఇంకోలా కనిపించింది. అక్కడ ఆకు నడవడానికి ఆకే లేదు.

మంట ఖర్చు ఎక్కడ రాయాలి

కర్బనం లెక్కలు వేసేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. వాళ్లు మంటలో కాలిన ఆకు బరువు తీసుకుని, కర్బనంగా మార్చి, నష్టం అని రాస్తారు. మార్చేటప్పుడు చాలామంది కలపకు వాడే 0.47 గుణకాన్నే (ఎండు బరువులో కర్బనం ఎంతో చెప్పే అంకె) ఆకుకూ వాడతారు. రాలుటాకుకు వాతావరణ మార్పు మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐపీసీసీ 2006 మార్గదర్శకాల్లో ఇచ్చింది 0.37. ఆ మార్గదర్శకాల్లోనే ఉష్ణమండల ఆకురాల్చు అడవికి రాలుటాకు పొరలో హెక్టారుకు 2.1 టన్నుల కర్బనం అని ప్రామాణిక విలువ ఉంది, అంటే ఎకరాకు సుమారు 850 కిలోలు. అదంతా కాలిందనే అనుకుందాం. కాలకపోతే అందులో ఎక్కువ భాగం ఒకటి రెండు వానాకాలాల్లో కుళ్లి ఎలాగూ గాలిలోకే పోయేది. మంట దాన్ని ఒక మధ్యాహ్నంలో చేసింది. ఆ పద్దు కింద రాసే నష్టం కనిపించేటంత పెద్దది కాదు. పైగా కొంత బొగ్గుగా మారి నేలలో చాలాకాలం ఉండిపోతుంది కూడా.

అసలు ఖర్చు జూన్‌లో పడింది. ఏప్రిల్‌లోనే రెండు పక్కలా పొడవాటి ఇనప మేకులు నేలకు సమంగా దిగగొట్టి పెట్టాం. మృగశిర వానలు రెండు గట్టివి పడ్డాక వెళ్లాం. ఎడమ పక్క మేకులు చాలావాటిని ఆకు తొలగించి వెతుక్కోవాల్సి వచ్చింది. కుడి పక్కవి తలలెత్తుకుని నిలబడి ఉన్నాయి. చినుకు బోడినేల మీద నేరుగా పడి మట్టిని ఎగరగొట్టింది, పారే నీరు బూడిదనీ పైమట్టినీ కలిపి తీసుకుపోయింది. ఆ పక్కనుంచి దిగిన పాయ కాఫీ రంగులో ఉంది. పోయినది ఆ ఏటి ఆకు కాదు, గడిచిన ఎన్నో ఏళ్ల ఆకు మట్టిగా మారి మిగిల్చిన పొర. నేల కర్బనం గాఢంగా ఉండేది ఆ పై రెండు వేళ్ల మందంలోనే.

నత్రజనిదీ అదే దారి. 200 డిగ్రీలు దాటితే ఆవిరవడం మొదలవుతుంది. భాస్వరం, పొటాష్, సున్నం చాలావరకు బూడిదలో మిగులుతాయి, అందుకే కాలిన చోట తొలి చినుక్కి గడ్డి పచ్చగా లేస్తుంది. పశువుల కాపరులు మంట మేలనడానికి కారణం అదే, వాళ్లు చూసింది నిజమే. వాలు మీద మాత్రం ఆ బూడిద గడ్డి వేళ్లకు అందేలోపే సగం వంకలో ఉంటుంది.

ముసాయిదా వాక్యాన్ని నాచేత కొట్టేయించింది ఆ జూన్‌లో చూసినదే.

లైను తేదీ

రెండో ఏడు మార్చిలో మంట ఫైర్‌లైన్ దాటి ఎడమ పక్క దిగువ భాగంలోకి వచ్చింది. పోల్చి చూడ్డానికి పెట్టుకున్న పక్కే మూడో వంతు కాలిపోయింది. లైను శుభ్రం చెయ్యలేదా అంటే, చేశారు, జనవరిలో నున్నగా చేశారు. తర్వాత మా పట్టీ తీసి చూసుకుంటే సిగ్గేసింది. ఏడాది ఆకులో పెద్ద భాగం రాలేది లైను ఊడ్చిన తర్వాతే. మొదటి ఏడే ఆ సంగతి మా కాగితాల్లో ఉంది. మేము దాన్ని కర్బనం లెక్కకు వాడుకున్నాం గానీ, లైను ఊడ్చేవాళ్లకు చెప్పాలని తోచలేదు. ఉపగ్రహం అగ్గిని పసిగట్టి ఫోనుకు సందేశం పంపే ఏర్పాటు ఉంది, మంచిదే. ఆ సందేశం వచ్చేసరికి టేకాకు మీద మంట ఎంత దూరం పోతుందో చూసినవాళ్లకు తెలుసు.

మూడో ఏడు పని రెండు తడవలుగా అడిగి చేయించాం. జనవరిలో మామూలు ఊడుపు, మార్చి మొదటి వారంలో మళ్లీ ఒకటి. రెండోది తేలిక, పొదలు కొట్టే పని ఉండదు, వెదురు చీపుర్లతో ఆకు నెట్టడమే. నెట్టిన ఆకును లైను పక్కనే కుప్ప పెడితే అది దీపావళి సరుకు. వాలుకు అడ్డంగా పేర్చిన రాళ్ల వరసల వెనక్కి చేర్పించాం. ఆ వరసలు పైనుంచి నడిచొచ్చే ఆకునూ పట్టుకున్నాయి. వానలయ్యాక వాటి వెనక మట్టి చేత్తో తీస్తే నల్లగా, బూజు వాసనతో వచ్చింది.

మిగిలింది ఇప్పచెట్టు కింది మంట. దీని గురించి పట్నంలో మాట్లాడేటప్పుడు గూడెంవాళ్లను దోషులుగా నిలబెట్టడం అలవాటు. తెల్లవారుజామున రాలే పువ్వు ఎండుటాకుల్లో పడితే ఏరడం ఎంత కష్టమో వంగి ఒక గంట ఏరితే అర్థమవుతుంది. చెట్టు కింద ఆకు కాల్చి నేల బోడి చేస్తే పువ్వు కనబడుతుంది. ఆర్పేసే వెళ్తారు, ఒక్కోసారి గాలి ఆగదు.

దారి చూపింది మా బుట్టే. రెండో ఏడు ఒక ఇప్పచెట్టు కింద బుట్టలో పువ్వుల తూకం వరసగా సున్నా వస్తోంది. ఒకరోజు వేకువనే వెళ్తే, ఒకావిడ మనవరాలిని పెట్టుకుని మా వలలోంచి పువ్వు దోసిళ్లతో తీసుకుంటోంది. నన్ను చూసి ఏమాత్రం తడబడలేదు. “మన్నంటకుండా ఉండాది సార్ పువ్వు. ఇట్టాంటి వలలు మాకూ ఇప్పిచ్చరాదా, కాల్చే పనే ఉండదు” అంది. ఆ చెట్టు పూల లెక్క ఆ ఏటికి పోయింది.

మూడో వేసవికి మిగిలిన నైలాన్ వలలూ కొన్ని పాత చీరలూ కలిపి కుట్టి, కాలిబాట పక్కనున్న ఇప్పచెట్ల కింద కట్టాం. పెద్ద చెట్టుకు ఒక వల చాలదు, మూడు నాలుగు కావాలి, రోజూ సాయంత్రం ఆకు దులపాలి. దులపడానికి ఓపిక లేనివాళ్లు చెట్టు చుట్టూ ఊడ్చుకున్నారు. ఆ ఏడు కుడి పక్క పై భాగంలో ఒక చోట అంటుకుంది గానీ లైను దాకా రాలేదు. ఒక్క ఏడు మంట లైను దాకా రానంత మాత్రాన అది మా ఘనతని రాసుకోను. ఆ ఏడు మార్చిలో రెండు జల్లులు కూడా పడ్డాయి.

ప్రాజెక్టు గడువు అయిపోయాక బుట్టలన్నీ పీకేశాం. మేకులు మాత్రం ఉంచాం, ఏటా జూన్ ఆఖర్లో ఒకసారి వెళ్లి కొలుస్తున్నాను. ఇప్పచెట్ల కింది వలలు గూడెంవాళ్ల దగ్గరే ఉన్నాయి. కిందటిసారి వెళ్లినప్పుడు ఒకదానికి కొత్త చీరముక్క మాసిక వేసి ఉంది.